దేహళీదీపము



మన శాస్త్రజ్ఞులు లోకవ్యవహారమునుండి గ్రహించిన న్యాయములలో దేహళీదీపన్యాయ మొకటి. గడపమీద నుంచిన దీపము లోపలి గదికిని, వెలుపలి ముంగిలికిని ఒక్కమారే వెలుగు నిచ్చును. వాక్యము నడుమ నున్న యొక పదము ముందు మాటతోను, వెనుక మాటతోను అన్వయించునపుడు వ్యాఖ్యాతలు ఈ న్యాయమును చెప్పుదురు. పాఠశాలలో చదువుకొన్ననాడు ఇది నాకు వ్యాకరణవిషయముగనే తోచినది. ఇది గృహస్థధర్మము కూడ నని తెలిసికొనుటకు చాల కాలము పట్టినది.

దేహళి యనగా గడప. గడపను ఆనుకొనియున్న ప్రవేశస్థలమునకును ఆ పేరు చెల్లును. అమరసింహుడు దీనికే గృహావగ్రహణి యను పర్యాయమును చెప్పెను. దేహమనగా లేపనము, దానిని గ్రహించునది దేహళి యని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. మన తల్లులు ప్రతిశుక్రవారము గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట ఈ వ్యుత్పత్తికి వ్యాఖ్యానమే గదా!

పూర్వపు ఇండ్ల ముంగిలిని ఒక్కమారు స్మరింపుడు. వీధివైపున అరుగులుండెడివి. అవి యింటివారికంటె బాటసారులకే యెక్కువగ ఉపయోగపడెడివి. మెట్ల ప్రక్కన నీళ్ళ గంగాళము, దానిమీద చెంబు. వచ్చినవాడు అరుగుమీద కూర్చుండి, పాదరక్షలు విడిచి, కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చెడివాడు. గడప యెత్తుగ నుండి వాననీటిని, పురుగుపుట్రను లోనికి రానీయకుండెడిది. ద్వారము పొట్టిగ నుండుటచేత ఎంతవాడైనను తలవంచి ప్రవేశింపవలసినదే. పైన మామిడాకుల తోరణము, క్రింద బియ్యపుపిండి ముగ్గు. ఆ పిండి చీమల కాహారమై, గృహిణి చేతిమీదుగ భూతయజ్ఞము నిత్యము జరిగిపోవుచుండెడిది.

ఈ యేర్పాటునంతను పరిశీలించినచో ప్రవేశస్థలమునకు రెండు పనులు గలవని తెలియుచున్నది. మాలిన్యమును వెలుపల నిలుపుట యొకటి; మనుష్యుని లోనికి గొనివచ్చుట రెండవది. మొదటి పని చేసి రెండవది మరచిన గడప, ఒక వైపే వెలిగెడి దీపము వంటిది.

రెండవ పని యెంత గొప్పదో తెలియగోరువారు తిరుక్కోవలూరు దివ్యక్షేత్రమును స్మరింపవలయును. తమిళనాట దక్షిణపినాకినీ తీరమున నున్న ఈ క్షేత్రము నూటయెనిమిది దివ్యదేశములలో నొకటి. ఇచ్చట స్వామి త్రివిక్రముడు. కాంచీపురమున అవతరించిన పొయ్‌గై ఆళ్వారు, కడల్‌మల్లయందు అవతరించిన భూతత్తాళ్వారు, మైలాపురమున అవతరించిన పేయాళ్వారు ఒకరినొకరు ఎరుగక సంచరించుచు ఒక రాత్రి ఇచ్చటికి చేరిరి. పెనుచీకటి, పెనువాన. మొదటివారు ఒక యిరుకైన దేహళిలో తలదాచుకొని పండుకొనిరి. రెండవవారు వచ్చి తలుపు తట్టిరి. ఒకరు పండుకొన జాలిన చోట ఇద్దరు కూర్చుండవచ్చునని మొదటివారు లేచి కూర్చుండిరి. మూడవవారు వచ్చిరి. ఇద్దరు కూర్చున్న చోట ముగ్గురు నిలువవచ్చునని అందరును లేచి నిలిచిరి.

అప్పుడు నాలుగవవా డెవడో తమ నడుమ చేరి ఒత్తుచున్నట్లు వారికి తోచెను. ఎవడా యని చూచుటకు పొయ్‌గై ఆళ్వారు భూమినే ప్రమిదగ, సూర్యునే జ్యోతిగ భావించి దీపము వెలిగించిరి. భూతత్తాళ్వారు ప్రేమనే ప్రమిదగ జేసి జ్ఞానదీపమును వెలిగించిరి. ఆ రెండు వెలుగులలో పేయాళ్వారు లక్ష్మీసమేతుడైన స్వామిని దర్శించిరి. ముగ్గురు నూరేసి పాశురములు పాడిరి. అవియే మూడు తిరువందాదులు. వేదాంతదేశికులు ఈ స్వామిని దేహళీశుడని స్తుతించిరి.

ఇందు గ్రహింపవలసిన దేమి? స్వామి ఆ రాత్రి గర్భాలయమున కాక గడపయొద్ద దర్శన మిచ్చెను. విశాలమైన మందిరమున గాక, కాలు చాపుకొనుటకు తావులేని చోట నిలిచెను. మొదటివారు పండుకొనియే “ఇచ్చట చోటు లేదు” అని పలికియుండినచో నాలుగవవాడు వచ్చియుండునా? చోటు నేలలో లేదు, మనస్సులో నున్నది. ఒకరికొరకు ఒకరు జరిగినప్పుడు గలిగిన యెడములోనికే పరమాత్మ ప్రవేశించెను.

దీనికి ఎదురైన కథ శ్రీమద్భాగవత తృతీయస్కంధమున గలదు. వైకుంఠద్వారమున జయవిజయులు సనకాది మహర్షుల నడ్డగించి శాపము పొందిరి. వారు సోమరులు కారు, అపవిత్రులు కారు. స్వామి సన్నిధిని నిత్యము సేవించువారే. ఐనను వచ్చినవారెవరో గుర్తింపజాలక తలుపు మూసిరి. ద్వారసేవ యందలి పొరపాటు ఎంతటివారినైనను క్రిందికి దింపును.

ఆ పొరపాటును నేనును చేసితిని. కొన్ని సంవత్సరముల క్రిందట శ్రావణమాసమున ఒక సాయంకాలము జడివాన కురియుచుండగా, తిరుమలకు నడచిపోవు వృద్ధయాత్రికు డొకడు మా అరుగెక్కి తలుపు తట్టెను. నేను స్నానము చేసి మడిగట్టుకొని ఆరాధనకు కూర్చుండబోవుచుంటిని. కిటికీలోనుండి చూచి, “కొంతసే పాగి రావయ్యా” అంటిని. ఆరాధన ముగించి తలుపు తీయునప్పటికి అరుగుమీద ఎవరును లేరు. తడిసిన మూటనుండి కారిన నీటిమడుగు మాత్ర ముండెను. వాన యింకను కురియుచునే యున్నది. దీపము పట్టుకొని వీధి చివరివరకు పోయి చూచితిని. కనబడలేదు.

అంతకు మూడు దినముల ముందే ఒక సభలో నేను ఆ ముగ్గురు ఆళ్వారుల కథను కన్నీళ్ళతో చెప్పియుంటిని! ఇంటికి తిరిగివచ్చినపుడు నా గృహిణి నన్ను నిందింపలేదు. “లోనికి పిలుచుటకు మడి అడ్డము కావచ్చునండీ, అరుగుమీద పీట వేసి, తుడుచుకొనుటకు పొడిగుడ్డ యిచ్చుటకు మడి యేమి అడ్డము?” అని మాత్ర మనెను. ఆ ప్రశ్నకు నేను చదివిన శాస్త్రములో సమాధానము దొరకలేదు. మరునాటినుండి మా అరుగుమీద ఒక పీట, ఒక బిందె, ఒక పొడి తుండు ఎల్లప్పుడు నుండును.

నేడు వీధి అరుగులు అరుదైనవి. పట్టణములలో అంతస్తుల మేడలందు తలుపు తీయగనే కూర్చుండు గది. చలిదేశములలో నివసించు మన పిల్లల యిండ్లలో బురద, మంచు అంటిన పాదరక్షలను, ఉన్నిదుస్తులను విడుచుటకు ద్వారముచెంత వేరుగ ఒక చిన్నగదియే యుండును. రూపము మారినను ధర్మము మారలేదు. రెండు మూరల చోటున్నను దానిని నెరవేర్చవచ్చును.

చెప్పులు తలుపున కెదురుగ గుట్టపడనీయక, ఒక ప్రక్కన మూతగల అరలో పెట్టుడు. వృద్ధులు కూర్చుండి పాదరక్షలు విడుచుటకు పీట, లేచునపుడు పట్టుకొనుటకు గోడకు ఆధార ముండవలయును. వెలుపల కొబ్బరిపీచు పట్ట, లోపల పొడిగుడ్డ పరచినచో ధూళియు తడియు ఆగును. కాళ్ళు కడుగుచోట నేల నునుపుగ నుండరాదు, జారిపడుదురు. గొడుగునకు, తడిసిన ఉత్తరీయమునకు ఒక కొయ్య చాలును. గడప యెత్తైనచో దానిమీద వెలుగు పడవలెను; గడపయే లేనిచో ఆ గీతమీద ముగ్గు వేయుడు. అంటించు రంగుల బొమ్మముగ్గు చీమకు పనికిరాదు. చిటికెడైనను బియ్యపుపిండి చల్లుడు. ద్వారము పైన శంఖచక్రములు, తిరునామము అలంకరించుకొనుడు. వాని క్రింద చెప్పుల నుంచకుడు. సంధ్యాదీపమును చీరకుచ్చెళ్ళు, పిల్లల చేతులు తగులని గూటిలో పెట్టుడు. అందము వేరు, ఆడంబరము వేరు. శుభ్రత, వెలుగు, వచ్చినవాడు నిలుచుటకు తావు ఉన్నచో ముంగిలికి అందము దానంతట అదే కలుగును.

కులశేఖరాళ్వారు చేరదేశమును పాలించిన ప్రభువు. ఆయన తిరువేంగడముడైయానుని సన్నిధిలో సింహాసనమును కోరలేదు. భక్తులు త్రొక్కిపోవు మెట్టుగ పడియుండి స్వామి ముఖమును దర్శింపవలెనని కోరెను. అందుచేతనే వైష్ణవాలయములలో గర్భాలయపు గడపను కులశేఖరపడి యందురు. రాజు గడప కాగోరినాడు. మనము మన గడపయొద్ద రాజులమై నిలుచుట తగునా?

నాటి సాయంకాలము మా యింటికి వచ్చినవా డెవడో నాకు నేటికిని తెలియదు. తెలియకపోవుటయే నాకు పాఠము. వచ్చువాడు నాలుగవవాడు కావచ్చును గదా! కనుక ఈ సాయంకాలము దీపము పెట్టునపుడు లోపలి వైపే కాక వెలుపలి వైపును ఒక్కమారు చూడుడు. అచ్చట నెవరైన నిలిచియుండినచో కొంచెము జరిగి చోటిండు.

శ్రీ దేహళీశ పరబ్రహ్మణే నమః