మొరాయించిన స్కూటరు, తొందరపడిన నాలుక



యంత్రము చెడిపోయినప్పుడు మన చేయి పానాను వెదకును. మన మనస్సు నేరస్థుని వెదకును. ఈ రెంటిలో ఏది ముందు వెదకబడునో దానినిబట్టి మన గుణము తెలియును. ఈ మాసము ఈ సంగతిని గూర్చి మీతో కొంచెము మాటలాడగోరుచున్నాను. ఇందుకు ఆధారము పెద్ద గ్రంథమేమియు కాదు. మా వసారాలో నిలిపియుంచిన ఒక పాత స్కూటరు.

అది 1994వ సంవత్సరము. నేను అప్పుడు ఒక పల్లెలో బడిపంతులుగా నుంటిని. ఊరిలో రెండు మూడు స్కూటర్లే యుండుటచేత నా బండి నా యొక్కనిదే కాదు. జ్వరముతోనున్న బిడ్డకు మందు తేవలసి వచ్చినను, దూరపు చుట్టమునకు కబురు చెప్పవలసి వచ్చినను దానినే అడుగుచుండిరి. ఇచ్చుట నాకును సంతోషముగానే యుండెను. మా వీధి చివర కాపురమున్న ఒక కూలివాని కుమారుడు, ఇంటరు చదివిన చిన్నవాడు, ఒక సాయంకాలము తన తల్లిని వైద్యుని యొద్దకు తీసికొనిపోయి, చీకటి పడకమునుపే బండిని తెచ్చి అప్పగించెను. మరునాడు జిల్లా కేంద్రములో అతనికి ఉద్యోగపు పరీక్ష. బస్సు దొరకు పెద్ద రోడ్డు మా ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరము.

"పొద్దున మళ్లీ బండి ఇస్తారా మాస్టారూ? ఆరున్నర బస్సు అందుకోవాలి. రోడ్డు మీద కొట్టు దగ్గర పెట్టి వెళ్తాను" అని అడిగెను. సరే యంటిని. తాళము కిటికీలో పెట్టి పడుకొంటిని.

మరునాడు అయిదున్నర గంటలకు బండి మ్రోగి వెళ్లిన శబ్దము పడక మీదనుండి వింటిని. ఇరువది నిమిషములు గడువకముందే, అతడు చెమటతో తడిసి, బండిని నెట్టుకొని వచ్చుచుండెను. చెరువుగట్టు దగ్గర ఆగిపోయినదట. నేను పోయి కిక్కు కొట్టితిని. నలుబదిసార్లు కొట్టితిని. అట్టి బండ్లకు ఆ దినములలో అందరును చేయు చికిత్స యొకటి యుండెడిది: బండిని ఒక ప్రక్కకు వంచి మరల నిలిపినచో కార్బురేటరులోనికి పెట్రోలు బాగుగా దిగునని చెప్పుదురు. అదియు చేసితిని. ఫలము లేదు. టాంకీ మూత తీసి ఊపి చూచితిని. పెట్రోలు కదలుచున్నది. ముక్కు దగ్గరగా పెట్టితిని. కిరసనాయిలు వాసన వచ్చినట్లు తోచెను. నిజమునకు అది పెట్రోలులో మనము కలుపు నూనె వాసనయే. కాని కోపము వచ్చినప్పుడు ముక్కు సహితము మనస్సు చెప్పిన వాసననే పట్టును.

పాలకొరకు చెంబులు పట్టుకొని వచ్చి నలుగురైదుగురు మా అరుగుమీద కూర్చుండియుండిరి. వారందరు వినుచుండగా, "నిన్న పెట్రోలు లాగేసి కిరసనాయిలు పోశావురా! ఇందుకేనా బండి అడిగింది?" అంటిని.

అతడు "లేదు మాస్టారూ" అని ఒక్కమాట మాత్రము పలికెను. నా ముఖమువైపు ఒకసారి చూచి, పరీక్ష కాగితములున్న సంచి చంకను పెట్టుకొని రోడ్డువైపు పరుగెత్తెను. తొమ్మిది కిలోమీటర్లు పరుగెత్తి ఆ బస్సును ఎవడు అందుకొనగలడు? ఆ పరీక్ష అతనికి తప్పిపోయెను.

ఏడున్నరకు ప్రక్క ఊరి మెకానిక్కు వచ్చెను. అతడు పెద్దగా చదువుకొన్నవాడు కాడు. అతడు వచ్చి కిక్కు మీద కాలు పెట్టలేదు. మొదట మూడు ప్రశ్నలు అడిగెను: చివరిసారి ఎప్పుడు నడిచినది? ఉన్నట్టుండి ఆగినదా, గుక్కలు పట్టి నెమ్మదిగా ఆగినదా? ఆ తరువాత ఎవరు ఏమి చేసిరి? రెండవ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేదు. జవాబు తెలిసినవాడు ఒక్కడే, ఆ చిన్నవాడు. అతనిని నేను ఏమియు అడుగలేదు; అతనికి తీర్పు మాత్రము చెప్పితిని.

మెకానిక్కు ఇంజను మీది డొప్ప తీసి, పానాతో ప్లగ్గు విప్పి, వెలుతురులో త్రిప్పి చూచెను. "పొడిగా ఉంది మాస్టారూ. ఇన్ని కిక్కులు కొట్టాక కూడా పొడిగా ఉందంటే పెట్రోలే దిగడం లేదు. కిరసనాయిలు కలిపి ఉంటే తడిగా ఉండేది" అనెను. తరువాత సీటు క్రిందనున్న పెట్రోలు నాబు మీద వ్రేలు పెట్టి చూచి, నా వైపు తిరిగి, "రాత్రి నాబు కట్టింది ఎవరు?" అని అడిగెను.

కట్టినది నేనే. ప్రతి రాత్రియు కట్టుదును. కార్బురేటరులోని ఫ్లోటు సూది సరిగా మూసికొనకున్నచో పెట్రోలు రాత్రియంతయు ఇంజనులోనికి కారును గనుక అది మంచి అలవాటే. నాబు కట్టియున్నను, కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి కొంతదూరము పోవును, తరువాత ఆగును. చెరువుగట్టు సరిగా అంత దూరములోనే యున్నది. ఆ చిన్నవాడు తోలుట నేర్చినది మరియొకరి మోపెడ్డు మీద. మొన్న సాయంకాలము నేనే నాబు తెరచి, బండి నడిపి చూపి ఇచ్చితిని. మరునాడు చెప్పలేదు. నేను మూసితిని, మూసినట్లు చెప్పలేదు, ప్రవాహము లేదని అతనిని దొంగ యంటిని.

నాబు తెరచి, ప్లగ్గు బిగించి, నాలుగు కిక్కులు కొట్టగానే ఇంజను మ్రోగెను. మెకానిక్కు డబ్బులు కూడ పుచ్చుకొనలేదు.

ఈ సంగతి జరిగిన తరువాత నేను ఆ పనిని కొంత నేర్చుకొంటిని. మీలో అనేకుల యిండ్లలో ఇప్పుడు స్కూటరు ఉన్నది గనుక, ఆ క్రమము మీకును ఉపయోగపడును. 1946లో ఇటలీ దేశమందు విమానముల పని యెరిగిన కొర్రాదీనో దాస్కానియో అను ఇంజనీరు వెస్పా స్కూటరునకు రూపము కల్పించెను. మన దేశములో 1972లో వచ్చిన చేతక్ స్కూటరు ఆ వంశములోనిదే. బండి ఏదైనను, పెట్రోలు ఇంజను నడచుటకు కావలసినవి మూడే: సరిగా అందు పెట్రోలు, సమయమునకు పుట్టు నిప్పురవ్వ, లోపలికి పోయి గట్టిగా అదమబడు గాలి. మొరాయించిన ప్రతి ఇంజనులోను ఈ మూడింటిలో ఏదో యొకటి లోపించియుండును.

ఖర్చులేని పరీక్షలు ముందు చేయవలెను. టాంకీలో పెట్రోలు ఉన్నదా? నాబు తెరచి యున్నదా, లేక రిజర్వునకు త్రిప్పవలెనా? మూతలోని సన్నని గాలిరంధ్రము మట్టితో మూసికొనిపోయినదా? అది మూసికొనినచో లోపలికి గాలి పోక, పెట్రోలు క్రిందికి దిగదు. తరువాత ప్లగ్గు. అది పొడిగా నున్నచో పెట్రోలు చేరుట లేదు. తడిగా నున్నచో పెట్రోలు చేరినది గాని నిప్పు పుట్టుట లేదు, లేక పెట్రోలు మితిమీరినది. ప్లగ్గు కొన నల్లని మసితో నిండియున్నచో పెట్రోలు గాని నూనె గాని హెచ్చుగా పోవుచున్నది. రెండు స్ట్రోకుల బండిలో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల నూనె సాధారణపు కొలత. ఎక్కువ పోసినచో ఇంజనునకు మేలని తలంచువారు ప్లగ్గును, సైలెన్సరును మసితో నింపుకొందురు. రవ్వను పరీక్షించునప్పుడు చిందిన పెట్రోలును తుడిచివేసి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా చేయవలెను. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండనే కూడదు.

ఇప్పటి బండ్ల సంగతి కొంత వేరు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 నియమము వచ్చినది. అప్పటినుండి క్రొత్త స్కూటర్లలో కార్బురేటరునకు బదులుగా పెట్రోలును కొలిచి చిమ్ము విద్యుత్ పరికరము సాధారణమైనది. గనుక వాటిలో బ్యాటరీ బలముగా నుండవలెను. ప్రక్క స్టాండు తీయనియెడల అనేక బండ్లు కదలవు. బ్రేకు పట్టక మీట నొక్కినచో సెల్ఫు తీసికొనదు. ఎఱ్ఱని స్విచ్చి ఆపి యుంచి, బండి చెడిపోయినదని షెడ్డునకు నెట్టుకొని పోయినవారిని నేను ఎరుగుదును. బండ్లు మారినవి గాని క్రమము మారలేదు: దగ్గరనున్నది ముందు, దూరమైనది తరువాత; మన చేతితో చేసినది ముందు, ఇతరులు చేసినది తరువాత.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న పుట్టును. అనుమానించుట తప్పా? అనుమానించనివాడు బండిని ఎట్లు బాగుచేయును? మెకానిక్కు కూడ అనుమానించెను గదా?

అవును, అతడును అనుమానించెను. అయితే అతడు ప్లగ్గును అనుమానించెను. ప్లగ్గు మంచిదని తేలినచో దానిని తుడిచి మరల బిగించుదురు. దానికి అవమానము లేదు, అది రాత్రి నిద్రమాని ఏడ్వదు. మనుష్యుడు అట్టివాడు కాడు. అతనిని అనుమానించి, పదిమంది యెదుట ఆ మాట పలికి, తరువాత నిర్దోషియని తెలిసికొని, తుడిచి మరల బిగించుట సాధ్యము కాదు. గనుక వస్తువులను త్వరగా అనుమానింపవచ్చును. మనుష్యుని విషయములో అన్నియు పరీక్షించిన పిమ్మటనే, అదియు అతనిని అడిగిన పిమ్మటనే, నోరు తెరువవలెను. నేను సరిగా తలక్రిందులుగా చేసితిని. నాబును నమ్మితిని, మనుష్యుని అనుమానించితిని. అతడు కూలివాని కుమారుడు కాక కరణముగారి కుమారుడై యుండినచో ఆ మాట నా నోట వచ్చెడిదా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియును. అది చెప్పుటకు ఇప్పటికిని సిగ్గుగా నున్నది.

యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొనుడి. వారు చెడ్డవారు కారు. ఏడు దినములు నేలమీద అతనితోకూడ మౌనముగా కూర్చుండిరి. అయితే కష్టము వచ్చినచో పాపము చేసియుండవలెనను ఒక సూత్రమును ముందుగానే చేత పట్టుకొని వచ్చిరి. ఆ సూత్రము వారికి పరీక్ష అక్కరలేకుండ చేసెను. తీర్పు ముందు వ్రాసికొనినవాడు సాక్షిని అడుగడు. ఆ కథ చివర వారు తమ తప్పును తమలో తాము దిద్దుకొని ఊరకుండలేదు. తాము నిందించిన ఆ మనుష్యుని యొద్దకే వారు పోవలసి వచ్చెను. అతడు వారికొరకు ప్రార్థన చేయవలసి వచ్చెను.

నాకును అట్టిదే సంభవించెను. బండి బాగుపడినది గనుక సంగతి ముగిసినదని మొదట తలంచితిని. తరువాత ఆ చిన్నవానిని చాటుగా పిలిచి రెండు మంచి మాటలు చెప్పుదునని అనుకొంటిని. మా యింటివారు ఒప్పుకొనలేదు. "అరుగు మీద అన్న మాటకు గదిలో జవాబు చెబితే సరిపోతుందా? విన్నవాళ్లందరూ ఇంకా అదే నమ్ముతున్నారు కదండీ" అనిరి. ఆ మాట ములువలె గ్రుచ్చుకొనెను.

రెండు దినములు ఆలస్యము చేసితిని. మూడవనాడు ఉదయము, పాలవేళకు, ఆ తండ్రిని కుమారుని మా అరుగు మీదికి పిలిచి, కూర్చుండబెట్టి, అదే నలుగురైదుగురి యెదుట, "నాబు కట్టింది నేను. ఇతడు ఏ తప్పూ చేయలేదు. నేను అబద్ధం ఆడాను" అని చెప్పితిని. పొరపడితినని చెప్పవలెనని యుంటిని. అబద్ధమను మాటయే వచ్చెను. ఆలోచించి చూడగా అదే సరియైన మాట. తెలియనిదానిని తెలిసినట్లు ఒకని మీద చెప్పుట పొరపాటు కాదు, అబద్ధమే.

తండ్రి, "పోనీండి అయ్యగారూ, బండి బాగైంది కదా" అనెను. చిన్నవాడు మాత్రము ఏమియు అనలేదు. అతడు మరల నా బండిని అడుగుటకు ఒక సంవత్సరము పట్టెను. అతనికి తప్పిపోయిన ఆ పరీక్షను నేను తిరిగి తెచ్చి యియ్యలేకపోతిని. మరమ్మతు చేయలేని కొన్ని వస్తువులు ఈ లోకములో ఉన్నవి. అందుచేతనే వాటిని విరుగగొట్టకమునుపే జాగ్రత్తపడవలెను.

ప్రియులారా, రేపు మీ యింటిలో ఏదో యొకటి ఆగిపోవును. మోటారు ఆగును, ధాన్యపు లెక్క తప్పును, డబ్బులు కనబడకపోవును, సంఘపు పనిలో చిక్కు వచ్చును. అప్పుడు ఎవని పేరైనను నోటికి వచ్చినచో దానిని పెదవుల లోపలనే ఆపుడి. రాత్రి నాబు కట్టినది ఎవరు అని మిమ్మును మీరే ముందుగా అడుగుకొనుడి. చేయి నాబువరకు పోయి వచ్చిన తరువాత, నాలుకతో చెప్పవలసినది ఏమైనను మిగిలియుండునేమో చూచుకొనుడి.