పలకయు బలపమును

మార్కాపురము చెన్నకేశవస్వామి సన్నిధిలో మనస్సు కుదుటపడును. ఇది అనుగ్రహమా? మెదడులోని రసాయనముల పనియా? అని కొందరి సందేహము.

1921లో ఆటో లోవీ ఒక కప్పగుండె నాడిని ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదించెను. దానిని తడిపిన ద్రవము సోకగానే రెండవ కప్పగుండెయు నెమ్మదించెను. నాడులు పంపు వార్తను రసాయనములు మోయునని ఇట్లు తేలినది. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు నోబెల్ బహుమతి లభించినది.

మార్కాపురము పలకలకు పేరెన్నిక గన్నది. బలపము లేనిదే పలకపై అక్షరము లేదు. అయినను అక్షరమునకు గల అర్థము బలపపు పొడిలో లేదు. మన భక్తికిని ఈ రసాయనములకును గల సంబంధ మిట్టిదే.

బలపము విరిగిన బిడ్డను చదువు రానివాడందుమా? మెదడు పనితీరు తప్పి దిగులుతో క్రుంగినవానిని భక్తిహీనుడనుటయు అట్టిదే. వానిని వైద్యునికడకు తోడ్కొనిపోవుటయు భాగవత కైంకర్యమే.