వద్దు, కూడదు, అక్కరలేదు: ఒక ధర్మవిచారం

ఒక పని చేయకుండా ఉండవలసిన బాధ్యత దానిని నిషేధించిన ఆజ్ఞ నుంచి పుడుతుందా, లేక ఆ పని స్వభావంలో ముందే ఉన్న దోషాన్ని ఆజ్ఞ బయటికి చెబుతుందా అన్నది ధర్మచింతనలో చాలా పాత ప్రశ్న. ఆజ్ఞే మూలమైతే దానిని ఉపసంహరించిన రోజున బాధ్యత కూడా తీరిపోవాలి; పని స్వభావమే మూలమైతే ఆజ్ఞ ఉన్నా లేకపోయినా బాధ్యత నిలిచే ఉండాలి. ఈ రెండింటినీ వేరు చేసి చూడడానికి తెలుగు వ్యాకరణం ఒక సాధనాన్ని ఇస్తుంది, హైదరాబాదు దగ్గర శంషాబాద్ పక్కనున్న హిమాయత్ సాగర్ జలాశయం ఒక ఉదాహరణను ఇస్తుంది.

'చేయాలి' అన్న రూపం 'చేయవలెను' నుంచి వచ్చింది. అందులోని 'వలయు' ధాతువుకు కావలసి ఉండడం అని అర్థం, 'వలపు' కూడా ఆ కుటుంబపు మాటే. హైదరాబాదు ఉర్దూలోని 'చాహియే' సైతం కోరికను తెలిపే 'చాహ్‌నా' నుంచే వచ్చింది. స్పానిష్‌లో 'డెబేర్', ఇంగ్లీషులో 'ఆట్' అన్న మాటలు మూలంలో బాకీపడి ఉండడాన్ని చెబుతాయి కాబట్టి, పుట్టుకతోనే మూడు ఋణాలు ఉంటాయన్న తైత్తిరీయ సంహిత భావనకు అవి దగ్గరివి. కర్తవ్యాన్ని కోరికగా చెప్పినా, ఋణంగా చెప్పినా, అసలు చిక్కు దానిని కాదన్నప్పుడు వస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునే స్పానిష్ భాషీయులు తరచు తడబడే చోటు ఇదే: 'మస్ట్', 'హావ్ టు' రెండూ చేయాలనే చెబుతాయి గాని, వ్యతిరేకార్థంలో మొదటిది నిషేధమూ రెండవది మినహాయింపూ అవుతాయి, స్పానిష్‌లోని 'నో తెనేర్ కే' మామూలుగా మినహాయింపునే తెలిపినా, సందర్భాన్ని బట్టి నిషేధంగానూ వినిపిస్తుంది.

తెలుగులో 'చేయాలి' అన్న రూపానికి నేరుగా వ్యతిరేక ప్రత్యయం చేరదు గనుక, మాట్లాడేవారు మూడు దారుల్లో ఒకదానిని ఎంచుకోక తప్పదు. 'చేయవద్దు' అన్నది పాత 'వలదు' నుంచి వచ్చి, చెప్పేవారి అనిష్టాన్ని తెలుపుతుంది. 'చేయకూడదు' అన్నది కలియడం, పొసగడం అనే అర్థమున్న 'కూడు' ధాతువు నుంచి వచ్చి, ఆ పని పొసగదని తెలుపుతుంది. 'చేయనక్కరలేదు' అన్నది అవసరం లేదని మాత్రమే చెబుతుంది. మొదటిది ఇచ్ఛకు, రెండవది ఔచిత్యానికి, మూడవది ప్రయోజనానికి సంబంధించినవి.

ఇక ఉదాహరణకు వస్తే, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, వరదను అదుపు చేయడానికీ నగరానికి తాగునీరు ఇవ్వడానికీ రెండు జలాశయాలు కట్టారు; వాటిలో ఈసీ నది మీద 1927లో పూర్తయినది హిమాయత్ సాగర్. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈ జలాశయాల పూర్తి నీటి మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దని 84 గ్రామాలకు నియమం పెట్టింది. శంషాబాద్ మండలంలో ఒక ఆముదపు ఉత్పత్తుల పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చినప్పుడు, సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల తీర్పులలో ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించి, ఆ మినహాయింపు చెల్లదని తేల్చింది. హాని జరుగుతుందని నీటిని కాపాడేవారు రుజువు చేయనక్కరలేదనీ, హాని లేదని పరిశ్రమే రుజువు చేయాలనీ చెప్పేది ఆ సూత్రం.

2022 ఏప్రిల్ 12 నాటి 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను ఎత్తివేసింది. నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నందున ఈ జలాశయాల మీద ఆధారపడడం బాగా తగ్గిందన్నది దానికి చెప్పిన కారణం. 'అక్కరలేదు' అన్న వాదం ఆధారంగా ఇక్కడ 'వద్దు' ఉపసంహరణ అయింది. అయితే జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదని అదే ఉత్తర్వు షరతు పెట్టింది. అంటే ఆజ్ఞను వెనక్కి తీసుకున్న చేయి కూడా 'కూడదు' అన్న మాటను చెరపలేకపోయింది.

ఆజ్ఞ పోయినా 'కూడదు' ఎందుకు నిలుస్తుందో, వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకులు ఏనాడో ఆలోచించారు. పనికి పురికొల్పే వాక్యాన్ని విధి అనీ, పని నుంచి మరలించే వాక్యాన్ని నిషేధమనీ పిలిచిన వారి మతంలో, అపౌరుషేయమైన వేదవాక్యపు ప్రేరణ శబ్దంలోనే ఉంటుంది, లౌకిక వాక్యపు ప్రేరణ పలికిన పురుషుని అభిప్రాయంలో ఉంటుంది. లౌగాక్షి భాస్కరుని 'అర్థసంగ్రహం' ఈ భేదాన్ని స్పష్టంగా చెబుతుంది. ప్రభుత్వ ఉత్తర్వు లౌకిక వాక్యం గనుక అభిప్రాయం మారగానే దాని ప్రేరణ ఆగిపోతుంది. అయితే మండనమిశ్రుడు 'విధివివేకం'లో విధికి అర్థం ఇష్టసాధనత, అంటే కోరిన మేలుకు ఆ పని సాధనం కావడమని నిరూపించాడు. ఆ దృష్టిని నిషేధానికి అన్వయిస్తే, మురుగుకూ నీటి చెడుపుకూ ఉన్న సంబంధాన్ని ఏ ఉత్తర్వూ పుట్టించలేదు, ఏ ఉత్తర్వూ రద్దు చేయలేదు.

ఆ 84 గ్రామాల రైతుల బాధను ఈ విచారం పక్కన పెట్టకూడదు. నగరం తాగే నీటి కోసం పాతికేళ్లకు పైగా తమ భూమి మీద ఆంక్షలను మోసినవారికి, 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన తరువాత చుట్టుపక్కల పెరుగుతున్న ధరలను చూస్తూ ఉండవలసి రావడం నిజమైన కష్టమే. ఆ ఋణాన్ని నగరం తీర్చవలసే ఉంది. కాని ఋణం తీర్చే దారి నీటిని బలిపెట్టడం కారాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రం కర్మలను ఫర్జ్, ముస్తహబ్, ముబాహ్, మక్రూహ్, హరామ్ అని ఐదుగా విభజించి, నిషిద్ధం కాని పనులలో కూడా మక్రూహ్ అనే పేరుతో, విడిచిపెట్టడమే మేలైన పనులను గుర్తించింది. నిషేధం లేనంత మాత్రాన పని మంచిదైపోదన్న ఈ వివేకం 'చేయవచ్చు' అన్న ప్రతి అనుమతికీ వర్తిస్తుంది.

1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం సరస్సులను, నదులను కాపాడడం ప్రతి పౌరుని విధిగా చెబుతుంది. కట్టవచ్చునా అని అడిగితే కార్యాలయం జవాబిస్తుంది. ఆ కట్టడం హిమాయత్ సాగర్ నీటితో కూడుతుందా అన్న ప్రశ్నను మాత్రం కట్టేవారు తమను తామే అడగాలి.