దీర్ఘసూత్రత

భగవద్గీత 18వ అధ్యాయమున తామసకర్త లక్షణములను చెప్పు శ్లోకము 28వది. అందు అలసుడను పదమొకటి కలదు. దాని తర్వాత విషాది యనియు, చిట్టచివర దీర్ఘసూత్రి యనియు చెప్పబడినది. సోమరితనమును పేర్కొనిన పిమ్మట పనిని వాయిదావేయుటను మరల వేఱుగా చెప్పనేల? ఆ రెండును ఒకటి కావు గనుకనే. సోమరికి పనియం దిష్టము లేదు. ఆ సంగతి అతనికిని తెలియును, ఇంటివారికిని తెలియును. దీర్ఘసూత్రి యట్టివాడు కాడు. చేయవలెనని అతడు నిజముగనే అనుకొనును. నేడో రేపో చేయవలసినదానిని నెల గడచినను చేయనివాడని శంకరభగవత్పాదులు ఈ పదమునకు అర్థము వ్రాసిరి. ఉదయము మొదలు రాత్రివరకు ఊపిరి సలుపక పనిచేయువాడు సైతము దీర్ఘసూత్రి కావచ్చును. చిల్లరపనులతో దినమంతయు నింపుకొని, చేయవలసిన ఆ ఒక్క పనిని మాత్రము తాకకుండువానిని లోకము సోమరి యనజాలదు. అంతకంటె భద్రమైన చాటు అతనికి వేఱొకటి దొరకదు.

మహాభారతమున శాంతిపర్వమందు ఈ పేరుగల చేప యొకటి కలదు. నీరు తక్కువగానున్న ఒక మడుగులో దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అను మూడు చేపలు చెలిమితో నుండెను. జాలరులు కాలువలు తీసి ఆ నీటిని వెలుపలికి వదలుట మొదలిడిరి. దీర్ఘదర్శి అపాయమును గ్రహించి, మిత్రులను హెచ్చరించి, ప్రవాహము వెంట లోతైన వేఱొక మడుగునకు పోయెను. ప్రాప్తకాలజ్ఞుడు చిక్కెను గాని, చేపలను గ్రుచ్చిన త్రాటిని నోట కఱచిపట్టి తానును గ్రుచ్చబడినట్లే నటించి, లోతునీట వానిని కడుగువేళ వదలి తప్పించుకొనెను. దీర్ఘసూత్రుడు చచ్చెను. ఇచట గమనింపదగినది మిత్రుని హెచ్చరికకు అతడిచ్చిన ప్రత్యుత్తరము. నీవు చెప్పినది బాగుగనే యున్నది, కాని తొందరపడరాదని నా నిశ్చయము, అని అతడనెను. హెచ్చరికను అతడు కాదనలేదు, ఔననియే నిలిచిపోయెను.

సాకు ఎన్నడును సత్యము నెదిరింపదు. దానికి నమస్కరించి ప్రక్కకు తొలగును. సాధకుని యింట ఇది మఱింత చక్కని వేషమున వచ్చును. అమ్మాయి పెండ్లి కానిండు, ఉద్యోగవిరమణ కానిండు అనునవి మోటు సాకులు. వానిని పసివాడైనను పోల్చగలడు. గురువు లభింపలేదు, చిత్తము శుద్ధముగాక చేయు జపమువలన నేమి ఫలము, ఈశ్వరేచ్ఛ లేనిదే ఆకైనను కదలదు గదా అనునవి శాస్త్రపు మాటలు. నాస్తికునకు ఈ సౌకర్యము లేదు! జపమును ఈశ్వరేచ్ఛకు విడిచినవాడు జీతపు పెంపును మాత్రము అదే ఇచ్ఛకు విడిచి ఊరకుండుట యెచటనైన కలదా? అలలు తగ్గిన పిమ్మట సముద్రస్నానము చేసెదనని గట్టున కూర్చున్నవాని కథయే ఇదియు.

ఐనను చెప్పుకొను కారణము లన్నియు సాకులనుట అన్యాయము. యోగసూత్రములలో పతంజలి తొమ్మిది అంతరాయములను లెక్కించుచు వ్యాధిని మొదట నిలిపెను. రోగము నిజము, దారిద్ర్యము నిజము, పసిబిడ్డలతోను మంచముపట్టిన పెద్దలతోను వేగు ఇల్లాలి అలసట నిజము. నిజమైన అడ్డంకిని సాకునుండి వేఱుచేయుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఆ కారణము తొలగినదినమున ఏమి జరుగును? అడ్డంకియైనచో, అది తొలగగనే పని మొదలగును. సాకైనచో, దాని స్థానమున మఱియొకటి వచ్చి కూర్చుండును. పింఛను వచ్చిన పిమ్మట మోకాళ్ల నొప్పి, నొప్పి తగ్గిన పిమ్మట మనుమని చదువు. ఈ వరుసను ఒక కాగితముపై వ్రాసికొని చూచు ధైర్యము కలవారు అరుదు.

చోటు లేదు, తీరిక లేదు అనువారు దక్షిణేశ్వరమున నహబత్తును చూడదగును. 1872లో భర్తను చేరవచ్చిన శారదాదేవి పెక్కేండ్లు ఆ కట్టడపు క్రిందిగదిలో కాపురముండెను. ఆ గది వైశాల్యము సుమారు 50 చదరపు అడుగులు. గుమ్మము పొట్టిది, మొదటి దినములలో ఆమె తల దానికి తగులుచుండెడిది. వంటసరకులు, కుండలు, అతిథులైన స్త్రీల పడక, సమస్తమును అందులోనే. తెల్లవారుజామున 3 గంటలకు లేచి, చీకటి యుండగనే గంగాస్నానము ముగించి, ఆమె జపధ్యానములకు కూర్చుండెడిది, ఆపైన వంటపని. ఆ గదిని చూచి వచ్చినవారు తమ యింట చోటు చాలదనుటకు కొంత సంకోచింతురు.

ఇంతకును, ఆలస్యము సర్వత్ర దోషమేనా? అదే శాంతిపర్వము చిరకారి కథనుకూడ చెప్పుచున్నది. అతడు గౌతముని కుమారుడు. తండ్రి కోపావేశమున తల్లిని చంపుమని ఆజ్ఞాపించి అడవికి పోయెను. పితృవాక్యమును మీఱుటెట్లు, మాతృహత్య చేయుటెట్లు అని చిరకారి చిరకాలము ఆలోచించుచు నిలిచెను. ఇంతలో గౌతముడు పశ్చాత్తాపముతో కన్నీరు కార్చుచు తిరిగివచ్చి, భార్య సజీవయై యుండుట చూచి, కొడుకు జాప్యమును వేనోళ్ల కొనియాడెను. ఒకే పర్వమున ఒక జాప్యము మృత్యువునకు, మఱియొకటి ప్రాణరక్షణకు హేతువైనది. చిరకారి ఆలస్యమంతయు విచారణతో నిండియుండెను. తండ్రి పక్షమును తల్లి పక్షమును అతడు పూర్తిగ తూచెను. తండ్రి వచ్చువఱకు అతని చేత ఆయుధము అట్లే యుండెను, తండ్రిని చూచిన పిమ్మటనే దానిని విడిచి మ్రొక్కెను. చేప చేసిన విచారణ యేది? తొందర వలదని అది ముందే నిశ్చయించుకొనెను. హానిచేయు పనియందు ఆలస్యమునకు శాస్త్రము చోటిచ్చినది. జపమును మఱునాటికి త్రోయువాడు చిరకారి పేరు చెప్పుకొనుట తగదు.

అర్జునుడు ఈ యిరువురికి నడుమ నిలుచును. ప్రథమాధ్యాయమున అతడు చూపిన కారణములు సామాన్యములు కావు. కులక్షయము, వర్ణసంకరము, పిండోదకలోపము, గురుహత్య. చదువుకొన్నవాని సాకులవి; చెప్పుచు చెప్పుచు విల్లు క్రింద పెట్టెను. కాని అతడు రథము దిగి పోలేదు. తన కారణములను శ్రీకృష్ణుని యెదుట పరచి, శిష్యుడనై శరణు పొందితిని, శాసింపుమనెను. సాకు సహింపనిది ఈ యొక్కటియే, తనను పరీక్షకు ఒప్పగించుట. దీర్ఘసూత్రి మాట వచ్చిన ఆ 18వ అధ్యాయముననే, 73వ శ్లోకమున, నీ మాట చేసెదనని అర్జునుడు పలికెను. అప్పటికి కురుక్షేత్రమున మాఱిన దేమియు లేదు. భీష్ముడును ద్రోణుడును, దాయాదులును, మొదట అతడు చూచి వణకిన చోటనే నిలిచియుండిరి.