ఓడిన సీజన్ ఎవరి ఖాతాలో?

సెప్టెంబరు వచ్చేసరికి ఇంగ్లండ్‌లో కౌంటీల కుర్ర జట్ల ఆట ముగుస్తుంది. గెలిచిన మ్యాచ్‌లు ఒక చేతి వేళ్లకు కూడా సరిపోని జట్టు ఏ అండర్-14లోనో, ఏ అండర్-15లోనో ఏటా ఒకటి తేలుతుంది. పట్టిక అన్నాక అడుగున ఎవరో ఒకరు ఉండక తప్పదు కదా. ఆ పిల్లలకు పెద్దలు చెప్పే మాటలు రెండు రకాలు. ఒకటి గద్దింపు: మీరు మనసు పెట్టి ఆడలేదు, అందుకే ఓడారు. రెండోది ఊరడింపు: మీ ప్రయత్నం మీరు చేశారు, ఫలితం మన చేతుల్లో ఉండదు, వదిలెయ్యండి. అక్కడ స్థిరపడిన మన ఇళ్లలోనైతే ఈ రెండో మాటకు భగవద్గీత రెండో అధ్యాయం తోడవుతుంది. చూడ్డానికి ఇవి ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి గానీ రెంటికీ పునాది ఒకటే: పని చేసేది ఒక్కడే అన్న నమ్మకం. గద్దించేవాడు ఆ ఒక్కడి నెత్తిన ఫలితమంతా రుద్దుతాడు. ఊరడించేవాడు ఆ ఒక్కడి దగ్గర్నుంచి ఫలితమంతా తీసేసుకుంటాడు. నిజానికి ఓడిన పిల్లల విషయంలో గీతను తిరగెయ్యాలనుకుంటే తెరవాల్సింది రెండో అధ్యాయం కాదు, పద్దెనిమిదోది.

ఏ పని అయినా, మంచిదైనా చెడ్డదైనా, జరగడానికి అయిదు కారణాలు కలవాలని ఆ అధ్యాయం చెబుతుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. ఇవన్నీ ఉండగా తానొక్కడినే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేదని కూడా అక్కడే అంటుంది. అధిష్ఠానమంటే శరీరమని శంకరులు వ్యాఖ్యానించారు. దైవమంటే లోపలుండి నడిపే పరమాత్మ అని రామానుజులు తీసుకున్నారు. నేనిక్కడ ఆ మాటలను వ్యాఖ్యాతలు గీసిన గీత దాటించి కొంచెం బయటికి లాగుతున్నాను, ఆ సంగతి దాచను. అయినా శంకరుల అర్థం ఒక్కటి మాత్రం కుర్రాళ్ల క్రికెట్‌కు లాగకుండానే అతుకుతుంది. ఇంగ్లండ్‌లో వయసు లెక్క సెప్టెంబరు 1తో మారుతుంది. ఒకే అండర్-14 జట్టులో సెప్టెంబరు మొదట్లో పుట్టినవాడూ, తరవాతి ఆగస్టు చివర్లో పుట్టినవాడూ పక్కపక్కన నిలబడతారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది. ముప్ఫై ఏళ్ల మనిషికి ఏడాది ఒక లెక్క కాదు. పదమూడేళ్లప్పుడు అది జానెడు ఎత్తు, భుజాల వెడల్పు, బంతి బౌండరీ దాటడమా గీతకు ఇవతలే ఆగడమా అన్న తేడా. వయోవర్గ క్రీడల్లో సెలెక్షన్లు ఏడాది మొదట్లో పుట్టినవాళ్ల వైపు మొగ్గుతాయన్నది క్రీడా పరిశోధకులు చాలా దేశాల్లో, చాలా ఆటల్లో చూసిన సంగతే. ఆగస్టు పిల్లవాడికి తక్కువైంది పట్టుదలని ఎవరైనా అంటే, వాళ్లు క్యాలెండరును చూసి గుణం అనుకుంటున్నారన్నమాట.

కరణాల సంగతి ఇంకా మొరటుగా ఉంటుంది. 2019లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధికారిక అధ్యయనం ప్రకారం ఇంగ్లండ్ పురుషుల జట్టు ఆటగాళ్లలో 43 శాతం మంది ఫీజులు కట్టి చదివే ప్రైవేటు స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు. దేశం మొత్తం మీద అలాంటి స్కూళ్లలో చదివేది 7 శాతం. ఆ స్కూళ్లలో రోలర్ తిప్పిన పచ్చిక పిచ్‌లుంటాయి, నెట్లుంటాయి, జీతం మీద కోచ్‌లుంటారు. క్రికెట్‌లో సమానత్వం మీద వేసిన స్వతంత్ర కమిషన్ 2023 జూన్‌లో ఇచ్చిన నివేదిక కూడా ఈ వర్గభేదాన్ని దాపరికం లేకుండా ఎత్తిచూపి, ప్రతిభను వెదికే మార్గంలోకి వచ్చే పిల్లల దగ్గర డబ్బు తీసుకోవద్దని సిఫార్సు చేసింది. రెండు కౌంటీల కుర్రాళ్లు తలపడినప్పుడు ఈ లెక్కలేవీ స్కోరుబోర్డు మీద కనిపించవు.

కనిపించవు అన్నాను గానీ, క్రికెట్ తన పద్దు రాసుకునే తీరు ఈ విషయంలో చాలా ఆటల కన్నా నయం. స్కోరు పుస్తకం దగ్గర కూర్చుని చూడండి. బంతి బ్యాటుకూ ఒంటికీ తగలకుండా కీపర్ను దాటి బౌండరీకి పోతే ఆ నాలుగూ బైలు. అవి జట్టు మొత్తంలో కలుస్తాయి, బ్యాటర్‌కు రావు, బౌలర్ మీదా పడవు. అదే బంతి వైడైతే బౌలర్ పద్దులోకే పోతుంది. క్యాచ్ అవుటైతే పట్టినవాడిదీ వేసినవాడిదీ రెండు పేర్లూ రాస్తారు. రనౌటైతే ఆ వికెట్టు బౌలర్‌కు దక్కదు. ఎవరి పాలు ఎంతో విడదీసి రాయాలన్న పట్టుదల ఈ గళ్లలో ఉంది. అయినా ఒక గడి లేదు. సున్నా మీదున్న బ్యాటర్ ఇచ్చిన తేలిక క్యాచ్‌ను స్లిప్‌లో కుర్రాడు జారవిడిస్తే అది ఎక్కడా నమోదు కాదు. ఆ తరవాత బ్యాటర్ కొట్టిన డెబ్భై పరుగులూ బౌలర్ల పేరు మీదే నిలుస్తాయి. పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది చెప్పగలిగినంత చెప్పింది. ఆ చివరి అంకెను మాత్రమే చూసి పిల్లల గుణగణాలు తేల్చేవాళ్లదే తొందర.

ఓటమి లోతు ఎంతుంటుందో తెలియాలంటే పెద్దల కౌంటీ క్రికెట్ వైపు ఒకసారి వెళ్లాలి. 1935 మే నుంచి 1939 మే దాకా నార్తాంప్టన్‌షైర్ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వరసగా 99 మ్యాచ్‌లు. కౌంటీకి డబ్బులేదు, ఎన్నదగిన ఆటగాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో మేటి ఫ్రెడ్ బేక్‌వెల్. 1936 ఆగస్టులో చెస్టర్‌ఫీల్డ్‌లో, ఆ ఏడాది ఛాంపియన్లయిన డెర్బీషైర్ మీద అతను 241 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ మ్యాచ్ నుంచి తిరిగొస్తుంటే కారు ప్రమాదంలో తోటి ఆటగాడు రెగీ నార్త్‌వే చనిపోయాడు. బేక్‌వెల్ చెయ్యి విరిగింది, మళ్లీ ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడలేదు. దైవమనే అయిదో కారణాన్ని ఏ నెట్ ప్రాక్టీసుతో దాటుతారు? అదే జట్టులో డెనిస్ బ్రూక్స్ అనే కుర్రవాడున్నాడు. 1915లో పుట్టాడు, పంతొమ్మిదో ఏట నుంచి ఇరవై మూడో ఏట దాకా అతనికి గెలుపు రుచే లేదు. 1939లో లీస్టర్‌షైర్‌ను ఇన్నింగ్స్ తేడాతో ఓడించి ఆ శాపం తెంచుకున్న మ్యాచ్‌లో 187 కొట్టింది అతనే. 1957లో ఆ కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానానికి చేరినప్పుడు కెప్టెనూ అతనే. దీన్ని పట్టుకుని ఓటములే అతన్ని తీర్చిదిద్దాయని చెప్పడం సులువు. నేనా మాట అనను. అదే జట్టులో అన్నే ఓటములు చూసి పేరు లేకుండా పోయినవాళ్లున్నారు. ఓటమిని గురువుగా చేసి పూజించడం కూడా ఒక్క కారణానికే పట్టం కట్టడం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అయిదు కారణాలంటూ పంచుకుంటూ పోతే చివరికి బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది, సోమరికి ఇంతకన్నా సాకు కావాలా? ఇది ఈనాటి అభ్యంతరం కాదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడి ముందు దైవవాదాన్ని చీల్చి చెండాడాడు. దైవమని పిలిచేది మునుపటి పురుషయత్నమే తప్ప వేరొకటి కాదన్నాడు. మహాభారతం అనుశాసనపర్వంలో ఇదే ప్రశ్న ధర్మరాజు భీష్ముణ్ని అడుగుతాడు. అక్కడి జవాబు కొంచెం నెమ్మదైనది: దైవం విత్తనం, పురుషకారం పొలం, రెండూ కలిస్తేనే పంట. నాకు భీష్ముడి వైపే మొగ్గు. వసిష్ఠుడి వాదాన్ని పదమూడేళ్ల పిల్లవాడికి వర్తింపజేస్తే వాడు ఆగస్టులో పుట్టడం కూడా వాడి పాత యత్నమే కావాలి. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. సాకు సంగతికొస్తే, అయిదింటిలో కర్త కూడా ఒకడని మరిచిపోకూడదు. విడదీసి లెక్క రాస్తేనే వాడి వాటా స్పష్టంగా బయటపడుతుంది. వానొచ్చి పిచ్ తడిసింది, అవతలి జట్టు బలమైనది. సరే, ఆ మ్యాచ్‌లో నువ్వు వేసిన పదకొండు వైడ్ల మాటేమిటి? మూకుమ్మడి నిందలో ఈ ప్రశ్న మునిగిపోతుంది, మూకుమ్మడి ఓదార్పులోనూ మునిగిపోతుంది. ఇదే లెక్క గెలిచిన జట్టుకూ వర్తిస్తుంది. వాళ్ల కప్పులో కూడా నాలుగు వాటాలు వాళ్లవి కావు. అది వాళ్లకు నచ్చకపోవచ్చు.

రెండో అధ్యాయం వాళ్లు ఇంకా ఊరుకోరు. ఫలితం మీద ఆశ వద్దని చెప్పాక పట్టికతో పనేమిటి అంటారు. ఫలాన్ని చూసి వెంపర్లాడవద్దనడం వేరు, చూడనే వద్దనడం వేరు. వైద్యుడు రోగి బతకాలన్న మోహం లేకుండా పనిచెయ్యవచ్చు గానీ జ్వరం దిగిందో లేదో చూడకుండా పనిచెయ్యలేడు. కుర్ర జట్టుకు ఓటములు అలాంటి సమాచారమే. కౌంటీ వ్యవస్థే ఈ తేడాను ఒక నియమంలో ఒప్పుకుంది. పెరిగే వయసులో వెన్నెముక దెబ్బతినకుండా, ఫాస్ట్ బౌలర్లు ఒక స్పెల్‌లో, ఒక రోజులో ఇన్ని ఓవర్లకు మించి వెయ్యరాదని ఇంగ్లండ్ బోర్డు వయసును బట్టి హద్దులు పెట్టింది. అవతల చివరి జోడీ క్రీజులో ఉండి, పది పరుగులే మిగిలినా, కోటా అయిపోయిన మేటి బౌలర్ చేతికి బంతి ఇవ్వకూడదు. ఇచ్చి గెలిచే దారున్నా ఓటమికి సిద్ధపడాల్సిందే. పిల్లవాడి నడుము కన్నా పట్టిక చిన్నదని చెప్పే ఈ నియమాన్ని పాటించి ఓడిన మ్యాచ్‌ను ఏ గడిలో రాస్తారు?

ఇదంతా వేదాంతం, శరదృతువులో శీతాకాలపు శిక్షణకు జాబితా తయారుచెయ్యాలి, కొందరి పేర్లు తీసెయ్యాలి, అప్పుడేం చేస్తారు అని సెలెక్టర్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తీసెయ్యక తప్పదు. అయితే తీసెయ్యడం వచ్చే ఏటి గురించి వేసే అంచనా, పోయిన ఏటి మీద చెప్పే తీర్పు కాదు. అంచనాకు సగటు ఒక్కటీ చాలదు. పుట్టిన నెల, బ్యాటింగ్ ఆర్డర్‌లో ఎన్నో స్థానంలో పంపారు, వాడి బౌలింగ్‌లో ఎన్ని క్యాచ్‌లు జారాయి, స్కూల్లో అసలు పిచ్ ఉందా లేదా అన్నవి కూడా కావాలి. వీటిలో చాలామటుకు జట్టు స్కోరరుకూ, కోచ్‌కూ తెలిసినవే. జాబితా వేసే రోజున వాళ్లను పిలిచి అడిగితే సరి.