అబ్బాయి కోసమేనా?

మా చిన్నప్పుడు సామర్లకోటలో బొమ్మలకి రెండే గతులు ఉండేవి. ఆడి విరగ్గొట్టడం ఒకటి, కొలువులో పెట్టి ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయడం రెండోది. మా అమ్మమ్మ దగ్గర ఓ ట్రంకు పెట్టె నిండా కొండపల్లి బొమ్మలుండేవి. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి, దశావతారాలు. సంక్రాంతి మూడు రోజులూ మెట్ల మీద కూర్చుని, ఆ తరవాత పాత పంచె ముక్కల్లో చుట్టుకుని మళ్ళీ ఏడాది దాకా పెట్టెలోకి పోయేవి. ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందనేది అమ్మమ్మ. బొమ్మ చెయ్యో నా చెయ్యో ఎన్నడూ విడమర్చి చెప్పలేదు. అయితే ఆ బొమ్మల ఖరీదెంత అని ఎవరైనా అడిగిన గుర్తు మాత్రం నాకు లేదు.

ఆడకుండా దాచిన బొమ్మకి ధర పెరుగుతుందన్న జ్ఞానం నాకు అమెరికా వచ్చాకే కలిగింది. అదీ సరైన ఊళ్ళోనే కలిగింది. మేముండే సిన్సినాటి, ఒకప్పుడు కెన్నర్ అనే బొమ్మల కంపెనీ ఊరు. ఊళ్ళో ఉన్న కెన్నర్ వీధి పేరే దానికి పెట్టారు. 1977లో ‘స్టార్ వార్స్’ సినిమా వచ్చినప్పుడు ఆ బొమ్మలు చేసే హక్కు ఈ కంపెనీకి దక్కింది. సినిమా అంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు. మేలో విడుదలైతే క్రిస్మస్ నాటికి దుకాణాలకి ఇవ్వడానికి బొమ్మలు తయారు కాలేదు. అప్పుడు వాళ్ళు చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది: బొమ్మల్లేని అట్టపెట్టె అమ్మారు. అందులో ఓ కూపను. ఆ కూపను నింపి పంపితే కొత్త సంవత్సరంలో నాలుగు బొమ్మలు పోస్టులో వస్తాయి. వచ్చాయి కూడా, 1978లో. పిల్లలు పండగనాడు ఖాళీ పెట్టె చూసుకుని మురిశారు. ఈనాడు ఆ కూపను చింపని పెట్టెకి కూడా గిరాకీ ఉంది.

ఆ బొమ్మలు మూడూముప్పావు అంగుళాల ప్లాస్టిక్ బొమ్మలు. ఒక్కోటి రెండు డాలర్లు, కాస్త అటూ ఇటూ. అట్టకి అతికించి పైన ప్లాస్టిక్ బుడగ కప్పి వేలాడదీసేవారు. పిల్లలు ఇంటికొచ్చే దాకా ఆగలేక కారులోనే ఆ బుడగ చింపేసేవారు. చింపకుండా ఉండిపోయిన ఏ కొద్ది బొమ్మలో ఇప్పుడు వేలం పాటకి వస్తున్నాయి. వాటికి మార్కులు వేయడానికి ప్రత్యేకంగా సంస్థలున్నాయి. అట్ట మూల వంగిందా, బుడగ పసుపు తిరిగిందా అని చూసి, నూటికి ఎనభయ్యో ఎనభై అయిదో వేసి, గాజులాంటి అక్రిలిక్ పెట్టెలో సీలు వేసి పంపిస్తారు. ఇక ఆ బొమ్మని ఈ జన్మకి ఎవరూ ముట్టుకోరు. అమ్మమ్మ చూస్తే సంతోషించేదేమో.

వీటన్నిటికీ పరాకాష్ఠ బోబా ఫెట్ బొమ్మ. వీపు మీద నుంచి చిన్న రాకెట్టు ఎగిరేలా తయారుచేసి, ఇతర బొమ్మల అట్టల మీది ముక్కలు నాలుగు పంపితే ఊరికే ఇస్తామని ప్రకటించారు. ఈలోగా వేరే కంపెనీ బొమ్మలోంచి ఎగిరిన తునక గొంతులో ఇరుక్కుని ఓ పిల్లవాడు చనిపోయాడు. దాంతో ఈ కంపెనీ భయపడి రాకెట్టుని కదలకుండా అతికించి పంపింది. కంపెనీ లోపల తయారైన కొద్దిపాటి నమూనాలు ఎలాగో బయటికొచ్చాయి. 2024లో అందులో ఒకటి వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. ఏ బిడ్డా ఎన్నడూ ఆడని, ఆడకూడదని నిర్ణయించిన బొమ్మ అది.

ఇందులో తిరకాసు ఒకటుంది. ఒక బొమ్మకి ధర రావాలంటే అలాంటివి మిగతావన్నీ నాశనమై ఉండాలి. లక్షలమంది పిల్లలు మట్టిలో పాతిపెట్టి, కుక్కకి వేసి, భోగిమంట లాంటి దాంట్లో కాల్చి, చివరికి వాళ్ళమ్మలు చెత్తబుట్టలో పారేస్తే గాని మిగిలిన ఒక్కటీ గొప్పదవదు. అంటే దాచినవాడి లాభమంతా ఆడినవాళ్ళ పుణ్యమే. ఇది తెలిసి అందరూ దాచడం మొదలుపెడితే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. 1999 మే 3న కొత్త స్టార్ వార్స్ సినిమా బొమ్మల్ని దేశమంతా అర్ధరాత్రి అమ్మకానికి పెట్టారు. తొమ్మిదేళ్ళ మా వాణ్ణి భుజాన వేసుకుని నేనూ వరసలో నిలబడ్డాను. ప్రతి బొమ్మా రెండేసి కొన్నాను. వాడు ఆడుకోవడానికి ఒకటి, వాడి కాలేజీ చదువుకి ఒకటి. నా ముందూ వెనకా నిలబడ్డవాళ్ళు కూడా రెండేసే కొంటున్నారని చూస్తూనే ఉన్నాను. అయినా బుర్రకి తట్టలేదు. ఆ బొమ్మలు ఇవాళ్టికీ మా బేస్‌మెంట్లో ఉన్నాయి. కొన్న ధరకి అడిగినా తీసుకునేవాడు లేడు. కాలేజీకి అప్పు చేశాం.

నేను చెప్పదలుచుకున్నది ఈ లెక్కల సంగతి కాదు. 2006 మే నెలలో ఓ శనివారం పొద్దున మా వీధి చివర ఒక పెద్దావిడ గరాజ్ సేల్ పెట్టింది. భర్త పోయి ఏడాదయింది, ఇల్లమ్మేసి చిన్న అపార్టుమెంటుకి మారుతోంది. ఆయన ఒకప్పుడు కెన్నర్‌లో లెక్కలు చూసేవాడని తరవాత తెలిసింది. బల్లల మీద దీపపు స్తంభాలు, కుట్టుమిషను, పింగాణీ గిన్నెలు, పాత సూట్‌కేసులు. ఓ మూల చెప్పుల పెట్టె. మూత తీస్తే పాతిక దాకా స్టార్ వార్స్ బొమ్మలు. ఆడి ఆడి రంగులు పోయినవి. పెట్టె మొత్తం పది డాలర్లని చీటీ.

అడుగున జావా ఉంది. సినిమా చూడనివాళ్ళ కోసం చెప్తాను. జావాలంటే ఎడారిలో పారేసిన యంత్రాలు ఏరుకుని అమ్ముకు బతికే మరుగుజ్జులు. ఆ బొమ్మ మొదట్లో ప్లాస్టిక్ కేప్‌తో వచ్చింది. ఇంత చిన్న బొమ్మకి మిగతావాటితో సమానంగా డబ్బు తీసుకుంటూ ఈ ముక్క కప్పితే నాసిగా ఉందనుకుని కాబోలు, త్వరలోనే గుడ్డ అంగీ వేశారు. అందుకని ప్లాస్టిక్ కేప్ ఉన్న జావాలు అరుదు. ఆ కేప్ ఒంటి మీద ఉంటే ఆడిన బొమ్మకైనా వందల డాలర్లు. వేరే బొమ్మ కేప్ కత్తిరించి దీనికి తొడిగి మోసం చేసేవాళ్ళు బోలెడంతమంది. నేను వేలితో తడిమి చూశాను. చెయ్యి వణికిందని చెప్పడానికి సిగ్గుపడను.

పది డాలర్ల నోటు తీస్తుంటే ఆవిడ నవ్వుతూ, “అబ్బాయి కోసమేనా?” అంది.

“అవునండీ,” అన్నాను.

“అయితే ఎనిమిదివ్వు చాలు,” అని రెండు డాలర్లు తిరిగిచ్చింది.

మా వాడికి అప్పుడు పదహారేళ్ళు. బొమ్మల వంక చూసి నాలుగేళ్ళయింది.

ఆ రెండు డాలర్లు లేకపోతే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదేమో. ఎందుకంటే మిగతాదానికి నా దగ్గర సమాధానాలున్నాయి. ధర చెప్పింది ఆవిడ. బేరం కూడా ఆడలేదు నేను. బొమ్మల గురించి తెలుసుకోవడానికి నేను ఏళ్ళు వెచ్చించాను, ఆ తెలివికి కూలి ఉండదా? ఇక్కడి సుప్రీంకోర్టు 1817లోనే ఈ తగవు తీర్చింది. 1815లో న్యూ ఆర్లియన్స్‌లో ఒక వ్యాపారి, బ్రిటన్‌తో యుద్ధం ముగిసి సంధి కుదిరిందన్న కబురు తెల్లారగట్లే విన్నాడు. ఊరికి తెలిసేలోగా పోయి పొగాకు బేరం చేసుకున్నాడు. ధర పెరిగే కబురేమైనా ఉందా అని అమ్మేవాళ్ళు అడిగితే పెదవి విప్పలేదు. కాసేపటికి కబురు పొక్కి పొగాకు ధర ముప్ఫై నుంచి యాభై శాతం దాకా లేచింది. కొనేవాడు తనకి తెలిసింది చెప్పి తీరాలన్న నియమం లేదని ప్రధాన న్యాయమూర్తి మార్షల్ తీర్పు రాశాడు. అయితే ఎదటివాణ్ణి తప్పుదారి పట్టించే మాట మాత్రం అనకూడదన్నాడు. మౌనం వేరు, మాట వేరు.

అంతకు చాలా ముందే రోమన్ పండితుడు సిసెరో ఈ ప్రశ్నే వేశాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యం ఓడ తెచ్చాడు. వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా, మాట్లాడకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? చెప్పి తీరాలని ఒక తత్వవేత్తా, అక్కర్లేదని ఇంకొకాయనా వాదించినట్టు రాసి, తను చెప్పి తీరాలన్న పక్షానికే మొగ్గాడు. మనవాళ్ళు ఇంకాస్త సూటిగా తేల్చారు. శాంతిపర్వంలో జాజలి అనే ముని, జడల్లో పిట్టలు గూళ్ళు కట్టుకునేంత తపస్సు చేసి, కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి దగ్గరకి ధర్మం నేర్చుకోవడానికి వెళ్తాడు. నా త్రాసు అందరికీ సమానమేనంటాడు తులాధారుడు. చిన్నప్పుడు విన్నప్పుడు, అంటే తూకంలో మోసం చెయ్యడన్నమాట అనుకున్నాను. ఆ శనివారం నాకు తట్టిన ప్రశ్న వేరు. త్రాసు ముల్లు నా ఒక్కడికే కనిపించేటప్పుడు తూకం సమానమైతే మాత్రం ఏం లాభం?

మీరు అడగొచ్చు, ఇంత ఆలోచించినవాడివి ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పొచ్చుగా అని. చెప్పలేదు. ఈబేలో మిగతా బొమ్మలన్నీ విడివిడిగా పెట్టి నూట నలభై డాలర్లు చేసుకున్నాను. జావాకి మార్కులేయించి అమ్ముదామని పక్కన పెట్టాను. అక్టోబరులో దసరా కొలువుకి బొమ్మలు సర్దుతూ మా ఆవిడ దాన్ని చూసి, కథంతా విని, “ఏమండీ, ఆవిడకి చెప్పారా?” అంది. అంతే. రెండో మాట లేదు. మా ఆవిడతో వచ్చిన చిక్కే అది, రెండో మాట ఉంటే వాదించొచ్చు.

ఆదివారం ఆవిడ కొత్త అపార్టుమెంటు వెతుక్కుంటూ వెళ్ళాను. అబద్ధం చెప్పానన్నాను. జావా సంగతి చెప్పాను. సగం డబ్బుకి చెక్కు కూడా రాసుకెళ్ళాను. ఆవిడ సంతోషిస్తుందని, లేదా కోప్పడుతుందని అనుకున్నాను. రెండూ జరగలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, “మరి ఆ కుట్టుమిషను?” అంది.

నాకర్థం కాలేదు.

“అయిదు డాలర్లకి ఇచ్చాను. మా అమ్మది. నీలం గిన్నెలు పావలాకొకటి ఇచ్చాను. వాటికి కూడా ఇలాగే ఉంటుందా?”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ శనివారం ఆవిడ ఇల్లు ఖాళీ అయిందని, వస్తువులు మంచివాళ్ళ చేతికి వెళ్ళాయని తృప్తిగా నిద్రపోయి ఉంటుంది. అయిదు నెలల తరవాత నేను నా మనసు తేలిక చేసుకోవడానికి వచ్చి, ఆ నిద్ర చెడగొట్టాను. ఆ పొద్దున గరాజ్‌లో చెప్పి ఉంటే అది ఆవిడకి డబ్బు. ఇప్పుడు చెప్తే అనుమానం. నిజం కూడా పాలలాగా విరిగిపోతుందని నాకెవరూ చెప్పలేదు. చెక్కు ఆవిడ పుచ్చుకోలేదు. బొమ్మలు తన కొడుకువి, అతన్నే అడుగుతానంది.

రెండు రోజులకి అతను ఫీనిక్స్ నుంచి ఫోను చేశాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడై ఉంటాడు. జావా ఖరీదు గురించి చెప్పబోతే మధ్యలోనే ఆపాడు.

“చ్యూబాకా ఉందా? ఎడమ పాదం మీద పంటిగాట్లుంటాయి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొరికాను. నాన్న తెచ్చిచ్చాడు దాన్ని.”

ఉండేది. పంటిగాట్లు నాకు బాగా గుర్తు. ఎందుకూ పనికిరాదని, అలాంటివే ఇంకో ఆరింటితో కలిపి పదకొండు డాలర్లకి టెక్సస్‌లో ఎవరికో అమ్మేశాను. ఆ రాత్రే అతనికి ఈమెయిలు రాశాను, ఎంతైనా ఇస్తాను, తిరిగి పంపమని. మర్యాదగానే జవాబిచ్చాడు. చ్యూబాకా చేతిలో ఉన్న విల్లుతుపాకీ అసలుదని, దానికోసమే ఆ సంచీ కొన్నానని, తుపాకీ తీసుకుని బొమ్మని చెత్తలో వేశానని.

ఫీనిక్స్‌కి ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరవాత, “జావాని మీరే ఉంచుకోండి,” అన్నాడు.

అమ్మడానికి ఆ తరవాత మనసు రాలేదు. ఇవ్వడానికి తీసుకునేవాళ్ళు లేరు. ఏటా దసరాకి మా ఆవిడ దాన్ని తీసి, కొలువులో అడుగు మెట్టు మీద, పప్పులూ బియ్యం పోసి కూర్చున్న కొట్టువాడి పక్కన నిలబెడుతుంది. పోయినేడు పేరంటానికి వచ్చిన పిల్లలెవరో ఆడినట్టున్నారు, కేప్ అంచుకి కాస్త కుంకం అంటింది.