పెట్టె లోపలి పూత

ధ్యానభాగములు: ఆదికాండము 6:14, మత్తయి 5:23, 24, 23:25, 26



మన మఱ్ఱిపాడు సంఘపు కానుకల పెట్టెను మీలో అనేకులు చూచియున్నారు. దాని ముందుపలకమీద ద్రాక్షావల్లి కోయబడియున్నది. తీగవంటి సన్నని రంపపు బద్దను చిన్న బెజ్జములోనుండి దూర్చి, ఆకు ఆకుకు, పండు పండుకు నడుమ కలపను తీసివేసి చేసిన జాలీపని అది. మన సంఘములోని వడ్రంగి పెద్ద దానిని చేసెను. కాని పూత ఆయన పూయలేదు; నేను పూసితిని. ఈ నెల ఆ సంగతి మీ యెదుట ఒప్పుకొనుచున్నాను.

అంతకు ముందు గుడి మరమ్మతు లెక్కల విషయమై కమిటీ యెదుట నేనాయనను ఒక మాట అంటిని. తరువాత చీటీలు సరిచూడగా లెక్క ఆయనదే సరియని తెలిసెను. తెలిసినను నేను నోరు విప్పలేదు. ఆదివారమున ఆయన "వందనాలు అయ్యగారూ" అనును, నేను "వందనాలు అన్నా" అందును. పైకి అంతా నున్నగానే యుండెను.

పెట్టె కోత పూర్తికాగానే, పూతకు ఇంకను పది దినములు కావలెనని ఆయన కబురంపెను. ఆయన గడప త్రొక్కుట ఇష్టము లేక, నేనే ముగించెదనని పెట్టెను తెప్పించుకొంటిని. డబ్బా వార్నిషు తెచ్చి, ఒక్క సాయంకాలములో ముందువైపున దట్టముగా పట్టించితిని. దీపపు వెలుగులో అది తళతళలాడెను. లోపలివైపు ఎవరు చూతురని విడిచితిని.

ఈశాన్యపు వానలు వచ్చెను. పూతలేని లోపలి కలప తేమ త్రాగి ఉబ్బెను. మూత వంగి బిగిసికొనెను. డిసెంబరు మొదటి ఆదివారమున పెద్దలు కత్తి మొనతో దానిని పెకలింపవలసి వచ్చెను. వార్నిషు కారి, ద్రాక్షపండ్ల నడుమనున్న బెజ్జములలో సగము పూడిపోయెను. వడ్రంగి పెద్ద వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుండెను. ఆ దినమున నాకు సిగ్గు కలిగినది పెట్టెను చూచి కాదు.

ఆ సాయంకాలము పెట్టెను చంకనిడుకొని ఆయన ఇంటికి పోయితిని. ఆయన ఒక్క నిష్ఠురపు మాటయు పలుకక, "దీనిని ముందు విప్పవలెను అయ్యగారూ" అనెను. కోయుటకు పట్టిన దినములకంటె నా పూత తీయుటకే ఎక్కువ దినములు పట్టెను. ఉప్పుకాగితమును సన్నగా చీల్చి, ప్రతి బెజ్జములోను దూర్చి రుద్దెను. పొడినంతయు కుంచెతో దులిపెను. ధూళిమీద పూసిన పూత నిలువదని చెప్పెను.

పిమ్మట స్పిరిటులో కరగించిన లక్కను నీళ్లవలె పలుచగా పట్టించెను. అడ్డుకోత పడినచోట కలప నాళములు నోళ్లు తెరచుకొనియుండును గనుక అవి ఎక్కువ త్రాగును. అచ్చట మరల మరల తడుపవలెను. ఆరక మునుపే బెజ్జములలో నిలిచినదానిని గుడ్డతో తీసివేయవలెను. మొదటి పూతకు పోగులు లేచి గరుకగును. దానిని మెల్లగా రుద్ది, మరియొక పలుచని పూత వేయవలెను. పైన ఎన్ని పూతలో లోపల అన్ని పూతలు. ఉదయగిరి కొయ్యగరిటెలవారిని చూడుడి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో నర్ది, బిక్కి చెక్కలను చెక్కి, చెంచా గుంటను, ముళ్లగరిటె పండ్ల సందులను సయితము నున్నచేయుదురు. ఏలయనగా నోటికి తగులునది ఆ భాగమే.

ఆయన మరియొక మాట చెప్పెను. అవిసెనూనె పూసిన గుడ్డను ఉండచుట్టి మూల పడవేయరాదట. అది తనంతట తానే వేడెక్కి అంటుకొనును. పరచి గాలికి ఆరవేయవలెను. ప్రియులారా, ఆ మాట నా హృదయములో గ్రుచ్చుకొనెను. నేను ఉండచుట్టి దాచుకొన్నది అట్టిదే గదా!

నోవహు ఓడకు కీలు వెలుపలనే గాక లోపల కూడ పూయవలెనని దేవుడు సెలవిచ్చెను. హెబ్రీ భాషలో అచ్చట పూయుటకు వాడబడిన కఫర్ అను మాటయే, లేవీయకాండములో ప్రాయశ్చిత్తము చేయుటను తెలుపుచున్నది. మందసమునకు సయితము లోపల వెలుపల బంగారు రేకు పొదిగించెను. గిన్నె వెలుపల మాత్రమే కడుగు పరిసయ్యులను ప్రభువు గద్దించెను. దేవుని పని ఒకవైపు పూత కాదు. క్రీస్తు రక్తము మన హృదయపు సందుగొందులలోనికి రావలెనన్న యెడల, మనము దట్టముగా పూసికొన్న పాత మెరుగు మొదట ఊడవలెను. అది నొప్పి.

సహోదరునికి నీమీద ఏదైనను ఉన్నదని తలపునకు వచ్చినచో, కానుకను అక్కడనే విడిచి, మొదట అతనితో సమాధానపడుమని యేసు చెప్పెను. నేనో, కానుకల పెట్టెనే ఆ పగకు సాధనముగా చేసితిని. తప్పు కమిటీ యెదుట చేసితిని గనుక ఒప్పుకోలును కమిటీ యెదుటనే చేసితిని. ఆయన లేచి నా చేయి పట్టుకొనెను గాని చాలసేపు మాట రాలేదు. మూత నీడలో ఆరి చాలవరకు సరియాయెను. ఒక అంచు మాత్రము చిత్రిక పట్టవలసి వచ్చెను. ఆ గురుతు ఇప్పటికిని కనబడును. ఉండనిమ్మంటిని.

వచ్చు ఆదివారమున ఆ పెట్టెలో కానుక వేయుటకు ముందు, మీ "వందనాలు" ఎవరి యెదుట పైపూతగా ఉన్నదో తలపోయుడి. అన్నదమ్ముల గట్టు తగవు కావచ్చును, అత్తాకోడండ్ల మాట కావచ్చును. శనివారపు సాయంకాలమే ఆ గడప త్రొక్కుడి. పోవుటకు కాళ్లు రానియెడల ప్రభువును అడుగుడి. నన్ను నడిపించినవాడు మిమ్మును నడిపించును. ఆమేన్.